మన ఆటలో మంత్రం ఎవరికి రావాలి?

నా అభిప్రాయం రాయడానికి ఈసారి నాలుగు కాగితాలు ఇచ్చిన టెన్త్ అక్కలకు కృతజ్ఞతలు. చోటు చాలక అక్షరాలు చిన్నగా రాశాను. దగ్గరకొచ్చి చదవండి.

మన హాస్టల్లో ఆదివారం సాయంత్రం ఆడే 'దివి ఆట' గురించి రాస్తున్నాను. కొత్తగా చేరిన చెల్లెళ్ల కోసం ముందు ఆట ఏంటో చెప్తాను. ఒకళ్లు కథ చెప్తారు. మిగతా ఐదారుగురు తలా ఒక పాత్ర అవుతారు. కథ చెప్పే అమ్మాయి "పులిగడ్డ దగ్గర ఏరు రెండుగా చీలింది, రేవులో పడవ లేదు, ఏం చేస్తారు?" అని అడుగుద్ది. మనం ఏం చేస్తామో చెప్పాలి. అది కుదిరిందా లేదా అన్నది చింతపిక్కలు వేసి చూస్తాం. పటం మన ఊళ్లదే. చల్లపల్లి కోట దగ్గర బయల్దేరి మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి చేరాలి. దారిలో రాక్షసులు ఉంటారు, మాయలు ఉంటాయి, మడ అడవిలో మాట్లాడే బావురుపిల్లి ఉంటుంది.

ఇలాంటి ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారు. దాని పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. మన దగ్గరికి ట్రైనింగుకి వచ్చిన బి.ఇడి. టీచరు దాని సంగతి చెప్పారు. కొనాలంటే మన వల్ల కాదు కాబట్టి పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి మన కార్డులు మనమే చేసుకున్నాం.

ఇప్పుడు గొడవంతా మంత్రాల దగ్గర వచ్చింది. రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, రెండో బ్యాచి వాళ్లు 'పుట్టుక కార్డులు' రాశారు. రాజకుమారికి ఆజ్ఞ మంత్రం, మునికన్యకి శాపం పెట్టే మంత్రం, గంధర్వకన్యకి ఎగిరే మంత్రం, కోయదొరకి మూలికల మంత్రం, ఎరుకలసానికి జరగబోయేది చెప్పే మంత్రం. ఎవరికి ఏ కార్డు వస్తే ఆ మంత్రాలే. వేరేవి నేర్చుకోవడానికి లేదు. రెండోది, వార్డెన్ మేడమ్ గారి మాట. మంత్రాలకు చింతకాయలు రాలవు, చదువుకునే పిల్లలకు ఈ మంత్రాల ఆట ఎందుకు, మూఢనమ్మకాలు పెరుగుతాయి, మంత్రాలు తీసేసి ఆడుకోండి అన్నారు.

నా అభిప్రాయం ఏంటంటే మంత్రాలు ఉండాలి, పుట్టుక కార్డులు పోవాలి. ఎందుకో వరసగా చెప్తాను.

ముందు మన తెలుగులో మంత్రం ఎలా ఉందో చూద్దాం. మన లైబ్రరీలో అట్టలు చిరిగిన పాత చందమామలు ఉన్నాయి. 1947 జులైలో మొదలైన పత్రిక అది. ఇప్పుడు రావట్లేదు, కానీ ఉన్నవి చదవొచ్చు. అందులో బేతాళ కథలు అందరికీ తెలుసు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మాట్లాడకుండా నడవాలి. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుద్ది. చెప్తే మౌనం పోయింది కాబట్టి శవం మళ్లీ చెట్టెక్కుద్ది. చూడండి ఎంత గట్టి రూలో! రాజైనా సరే ఆ రూలు తప్పించుకోలేడు. రెండు వైపులా కష్టం ఉంది కాబట్టే కథ అన్నేళ్లు నడిచింది. తెలిసీ చెప్పకపోయినా ఏం కాదు అని ఉంటే మొదటి రాత్రే కథ అయిపోయేది.

సినిమాల్లో చూడండి. 1951లో వచ్చిన పాతాళభైరవి, 1957లో వచ్చిన మాయాబజార్ రెండిటికీ రచన పింగళి నాగేంద్రరావు గారు. ఆయన పెరిగింది మన బందరులోనే. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ఇంజనీరింగు చదివారు. ఇంజనీరింగు చదివిన మనిషి కాబట్టేనేమో ఆయన మాయలకి కూడా మిషనుకి ఉన్నట్టు ఒక పద్ధతి ఉంటుంది. మాయాబజార్లో ప్రియదర్శిని పెట్టె ఉంది. అందులోకి చూసినవాళ్లకి వాళ్లకి ఎక్కువ ఇష్టమైనదే కనపడుద్ది. అంతకు మించి ఏం చెయ్యదు. సత్యపీఠం ఉంది. దాని మీద నిలబడినవాళ్లు నిజమే చెప్తారు. అంతకు మించి ఏం చెయ్యదు. ఒక వస్తువు, ఒక పని. అందుకే శకుని ఆ పీఠం ఎక్కగానే మనకి నవ్వొస్తుంది. ఏం జరగబోతుందో ముందే తెలుసు కదా.

పాతాళభైరవిలో ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కోరిక తీరుస్తుంది. తోట రాముడు తోటమాలి కొడుకు. ఆ బొమ్మ 'నువ్వు రాజువా, నువ్వు ఏ ఇంట్లో పుట్టావు' అని అడగలేదు. మన గుడివాడ వైపు నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు గారు ఆ తోటమాలి కొడుకుగా వేశారు. మంత్రగాడిగా ఎస్.వి. రంగారావు గారు వేశారు. రాముడు ధైర్యం చేసి, తెలివి చూపించి సంపాదించుకున్నాడు. మళ్లీ పోగొట్టుకున్నాడు, మళ్లీ తెచ్చుకున్నాడు. పుట్టుకతో వచ్చి ఉంటే పోవడమూ లేదు, తెచ్చుకోవడమూ లేదు, సినిమా కూడా లేదు.

వీటన్నిటినీ చూసి మన ఆటకి నేను నాలుగు రూళ్లు చెప్తున్నాను.

మొదటి రూలు: ప్రతి మంత్రానికి ఖర్చు ఉండాలి.

ఇప్పుడు మన ఆటలో ఎగిరే మంత్రం ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. అందుకే పోయిన ఆదివారం గంధర్వకన్య మోపిదేవి నుంచి హంసలదీవికి ఎగిరిపోయింది. ఆట పావుగంటలో అయిపోయింది. మిగతా ఐదుగురు కరకట్ట మీద నిలబడి చూశారు. అది ఆటా?

అందరికీ ఆట మొదట్లో 12 సీతాఫలం గింజలు ఇద్దాం. అవి 'ఓపిక'. చిన్న మంత్రానికి 1 గింజ, మధ్య మంత్రానికి 3, పెద్ద మంత్రానికి 6. గింజలు అయిపోతే మంత్రం లేదు, నడవాల్సిందే. రాత్రి పడుకుంటే 3 గింజలు తిరిగి వస్తాయి. అన్నం పక్కవాళ్లతో పంచుకుని తింటే ఇద్దరికీ ఒక్కోటి ఎక్కువ వస్తుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదట్లో ఇంకో పద్ధతి పెట్టారట. పొద్దున్నే మంత్రం బట్టీ పట్టాలి, ఒకసారి వాడితే మర్చిపోతారు, మళ్లీ బట్టీ పట్టాలి. జాక్ వాన్స్ అనే రచయిత కథల్లోంచి అది తీసుకున్నారట. బట్టీ పట్టి పరీక్ష అవగానే మర్చిపోవడం మనకి బాగా వచ్చిన విద్యే కాబట్టి ఆటలో కూడా వద్దు. ఓపిక పద్ధతే బాగుంటుంది.

ఇక చింతపిక్కలు. ఒకవైపు అరగదీసిన నాలుగు పిక్కలు వేస్తాం కదా, అష్టాచెమ్మాలో లాగా. లెక్కల మేడమ్ చెప్పినట్టు రాసి చూశాను. నాలుగు పిక్కలు మొత్తం 16 రకాలుగా పడొచ్చు. రెండు తెల్లగా పడేవి 6 రకాలు. ఒకటే తెల్లగా పడేవి 4, మూడు తెల్లగా పడేవి 4. నాలుగూ తెల్లగా పడేది ఒక్కటే. నాలుగూ నల్లగా పడేది కూడా ఒక్కటే. కాబట్టి చిన్న మంత్రానికి రెండు లేక ఎక్కువ తెల్లవి పడాలని పెడితే 16లో 11 సార్లు పలుకుద్ది. మధ్య మంత్రానికి మూడు లేక ఎక్కువ పడాలంటే 16లో 5 సార్లు. పెద్ద మంత్రానికి నాలుగూ తెల్లగా పడాలి, అంటే 16లో 1 సారి. ఇదైతే ఎవరూ పెద్ద మంత్రం మీద ఆధారపడి కూర్చోరు. పిక్కలు రెండు వైపులా సమానంగా పడేలా అరగదీయాలి. ఆ పని నేను చేస్తాను.

రెండో రూలు: మంత్రం ఏం చెయ్యలేదో కూడా కార్డు మీద రాయాలి.

ఇది వార్డెన్ మేడమ్ గారు దయచేసి శ్రద్ధగా చదవాలి.

ఊళ్లో మంత్రం వేసేవాడు తన మంత్రం ఏం చెయ్యలేదో ఎప్పుడూ చెప్పడు. తగ్గితే 'నా మంత్రం' అంటాడు. తగ్గకపోతే 'మీరు నియమం తప్పారు' అంటాడు. ఎట్టా జరిగినా వాడే గెలుస్తాడు. తప్పు ఎప్పుడూ జబ్బు చేసినవాళ్లదే. ఆ మంత్రానికి రూలు లేదు, అందుకే దాన్ని ఎవరూ పరీక్ష చెయ్యలేరు. మూఢనమ్మకం అంటే నాకు అర్థమైంది ఇదే. బాణామతి చేశారని, చేతబడి చేశారని అనుమానంతో మనుషుల్ని కొట్టారు, చంపారు అని పేపర్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ కూడా అంతే. ఆ మనిషి ఏం చేసింది, ఎట్టా చేసింది, ఎవరు చూశారు అని అడిగే రూలు లేదు. అనుమానం ఒక్కటి చాలు.

మన ఆటలో అలా కాదు. మంత్రం కార్డు మీద ఉంటుంది. ఖర్చు ఎంత, ఎంత దూరం పనిచేస్తుంది, ఏం చెయ్యలేదు, అన్నీ రాసి ఉంటాయి. ఎవరైనా తప్పుగా వాడితే ఆరో తరగతి చెల్లి కూడా "అక్కా, కార్డు చూపించు" అనొచ్చు. ఇలా అడగడం అలవాటైన పిల్ల రేపు ఊళ్లో తాయెత్తు అమ్మేవాడిని కూడా "ఇది ఏం చెయ్యదో చెప్పు" అని అడుగుద్ది. కాబట్టి మన ఆట మూఢనమ్మకం పెంచదని, తగ్గిస్తుందని నా అభిప్రాయం.

ఏం చెయ్యలేదో రాసి ఉన్న మంత్రం నిజంగా ఒకటి ఉంది. పాముకాటుకి ఇచ్చే విరుగుడు మందు. ఆసుపత్రి సిస్టరమ్మ గారు మాకు ఒక ఖాళీ సీసా చూపించారు. 10 మిల్లీలీటర్ల సీసా. నాలుగు రకాల పాముల విషానికి ఆ ఒక్క మందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మందు ఒక్కో మిల్లీలీటరు నాగుపాము విషం 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజర విషం 0.6, కట్లపాము విషం 0.45, చిన్నపింజర విషం 0.45 మిల్లీగ్రాముల వరకు విరుస్తుంది. అంతకన్నా ఎక్కువ విషం ఎక్కితే ఇంకో సీసా కావాలి. మందు తయారు చేసినవాళ్లే దాని హద్దు ఇంత అని రాశారు. హద్దు రాశారు కాబట్టే ఎన్ని సీసాలు ఎక్కించాలో డాక్టరు గారికి తెలుస్తుంది, మనిషి బతుకుతాడు.

2018 ఆగస్టులో మన దివిసీమ పొలాల్లో పాముకాట్లు బాగా పెరిగాయి. ఆ నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో సర్పశాంతి హోమం కూడా చేశారు. స్వామికి దణ్ణం పెట్టడం తప్పని నేను అనట్లేదు, నేనూ పెడతాను. కానీ కాటు పడినవాళ్లకి కావాల్సింది సూదిమందు. అందుకని మన ఆటలో పాముకాటుకి మంత్రం కార్డు ఉండకూడదు. పాత్రకి పాము కరిస్తే మిగతావాళ్లు కట్లు గట్రా కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా మోసుకుని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎన్ని గింజలు ఖర్చయినా సరే.

మూడో రూలు: ఉప్పెనని ఆపే మంత్రం ఉండకూడదు.

దీని మీద చాలామంది నాతో వాదించారు. పటంలో సముద్రం ఉన్నాక ఉప్పెన రావాలి, ఉప్పెన వస్తే ఆపే మంత్రం ఉంటే మజాగా ఉంటుంది అన్నారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. ప్రభుత్వం లెక్కలోనే సుమారు 10 వేల మంది పోయారు. మనలో దివిసీమ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లల్లో ఆ రాత్రి గురించి చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. మా అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల. తాడిచెట్టు కరుచుకుని బతికింది. సెలవులకి ఇంటికెళ్లి "అమ్మమ్మా, మా ఆటలో ఒక పిల్ల చెయ్యెత్తితే ఉప్పెన ఆగిపోయింది" అని నేను చెప్పలేను.

ఉప్పెన రావొచ్చు. కానీ మంత్రం దాన్ని ఆపకూడదు. వస్తుందని ముందు తెలిసే మంత్రం పెడదాం. 6 గింజలు ఖర్చు. తెలిశాక ఊరి జనాన్ని లేపాలి, ముసలివాళ్లని మొయ్యాలి, గట్టి మేడకి చేర్చాలి. ఇప్పుడు నిజంగా జరిగేది కూడా అదే కదా. తుఫాను హెచ్చరిక ముందే వస్తుంది, తుఫాను షెల్టర్లు ఉన్నాయి, ఉన్నా కూడా మనిషిని మనిషే తీసుకెళ్లాలి. అలాగే చనిపోయినవాళ్లని లేపే మంత్రం కూడా వద్దు. పోయినవాళ్లు తిరిగొస్తారంటే ఆటలో ఎవరూ ఎవరినీ జాగ్రత్తగా చూసుకోరు.

నాలుగో రూలు: మంత్రం పుట్టుకతో రాకూడదు, నేర్చుకుంటేనే రావాలి.

అసలు ఈ వ్యాసం రాసింది దీనికోసమే.

పుట్టుక కార్డులు చీటీలు వేసి తీస్తామన్నారు. కానీ మొదటి ఆదివారం చీటీలు తియ్యలేదు. 'నీకు ఇది బాగుంటుంది, నీకు ఇది సరిపోద్ది' అని పంచారు. రాజకుమారి కార్డు ఎవరికి వచ్చిందో, ఎరుకలసాని కార్డు ఎవరికి వచ్చిందో నేను రాయను. అందరం చూశాం. కోయదొర కార్డు ఆరో తరగతి చెల్లికి ఇచ్చి, బజార్లో మందులు అమ్మేవాళ్ల గొంతుతో మాట్లాడమన్నారు. అందరూ నవ్వారు. ఆ చెల్లి మూడు ఆదివారాల నుంచి ఆటకి రావట్లేదు. తలనొప్పి అంటుంది.

రెండో బ్యాచి వాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల వాదన కూడా రాస్తాను. "మనవాళ్లకి నిజంగానే మూలికలు తెలుసు, అడవి తెలుసు, పాములు తెలుసు. ఆటలో అది పెడితే మనకి గొప్పే కదా. రాజకుమారికి లేని శక్తి కోయదొరకి ఇచ్చాం కదా" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ అది పుట్టుకతో వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

మాది యానాది కుటుంబం. మా తాత మడ అడవిలో పీతలు పడతాడు. బొరియ మీద మట్టి చూసి లోపల పీత ఉందో లేదో, ఉంటే ఎంతదో చెప్తాడు. చెయ్యి పెట్టి చూస్తే అంతే ఉంటుంది. ఎవరైనా చూస్తే మంత్రమే అనుకుంటారు. నేను ఆ తాత మనవరాలినే. బొరియ చూస్తే నాకు బొరియే కనపడుద్ది. ఎందుకంటే నేను ఒకటో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నాను. తాత తన ఏడో ఏట నుంచి వాళ్ల నాన్న వెనక బురదలో తిరిగి నేర్చుకున్నాడు. వేలు కొరికించుకుని నేర్చుకున్నాడు. పుట్టుకతో వచ్చేదైతే నాకు కూడా వచ్చి ఉండాలి. రాలేదు. తాత నేర్చుకున్నది పుట్టుకతో వచ్చింది అంటే ఆయన పడ్డ కష్టమంతా లేనట్టే. అది గొప్ప చెయ్యడం కాదు, తీసెయ్యడం.

ఇందాక చెప్పిన విరుగుడు మందుకి విషం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల ఆదివాసుల సహకార సంఘం ఉంది. 1978లో పెట్టారు. వాళ్లు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు చేస్తారు. మన దేశంలో విరుగుడు మందుకి కావాల్సిన విషంలో చాలా భాగం అక్కడిదే. ఆ ఇరులల్లో వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీ ఇచ్చింది వాళ్ల పుట్టుకకి కాదు, వాళ్ల విద్యకి. మన ఆట కార్డు కూడా అలాగే ఉండాలి.

ఇంకో సంగతి. పుట్టుక మంచి శక్తి ఇస్తుంది అని ఒప్పుకుంటే, పుట్టుక చెడ్డ బుద్ధి కూడా ఇస్తుంది అన్నవాళ్లకి ఏం జవాబు చెప్తాం? ఇది ఊరికే అనట్లేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. అప్పుడు మన ప్రాంతం అందులోనే ఉంది. ఎరుకల వాళ్లని, కొన్నిచోట్ల యానాదుల్ని ఆ జాబితాలో రాశారు. తల్లి కడుపులోంచి రాగానే దొంగ అన్నమాట. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పెట్టిన సెటిల్మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మనకి తెలుసు. ఆ చట్టం కూడా ఒక పుట్టుక కార్డే. మన చేత్తో మనం మళ్లీ అట్ట మీద అదే రూలు రాసుకోవడం ఎందుకు?

ఆ ఆట కనిపెట్టిన అమెరికాలో కూడా ఇదే మాట వచ్చింది. అక్కడి పుస్తకంలో మొదటి నుంచి 'జాతి' అనే మాట ఉండేది. ఏ జాతికి ఎంత బలం, ఎంత తెలివి అని అంకెలు ఉండేవి. చాలామంది ఇది బాగోలేదన్నారు. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో ఆ మాట తీసేశారు. బలం, తెలివి అంకెలు పెరగడం ఇప్పుడు ఆ పాత్ర ముందు ఏం పని చేసింది, ఎట్టా పెరిగింది అన్నదాన్ని బట్టి. 50 ఏళ్లు ఆడాక వాళ్లు మార్చుకున్నారు. మనం ఆట మొదలుపెట్టి నెల కూడా కాలేదు, ఇప్పుడే మార్చుకుంటే తేలిక.

మరి పుట్టుక కార్డుల బదులు ఏం పెట్టాలి? 'గురువు కార్డులు' పెడదాం. ఆట మొదట్లో ఎవరికీ ఏ మంత్రమూ రాదు. పటంలో గురువులు ఉంటారు. నాగాయలంక రేవులో వల అల్లే అవ్వ గాలి మంత్రం నేర్పుతుంది. కూచిపూడిలో నాట్యం నేర్పే మాస్టారు రూపం మార్చే మంత్రం నేర్పుతారు. అక్కడ మగవాళ్లే ఆడవేషం కట్టి చూసేవాళ్లని నమ్మించిన ఊరు కదా. పెడనలో కలంకారీ అచ్చులు అద్దే అక్క రంగు మంత్రం నేర్పుతుంది. దాంతో గోడ రంగులో కలిసిపోవచ్చు. మడ అడవిలో పీతల తాత మట్టి చదివే మంత్రం నేర్పుతాడు. దాంతో ఎవరు ఎటు పోయారో చెప్పొచ్చు. రాజకుమారి అయినా బురదలో దిగాల్సిందే, వేలు కొరికించుకోవాల్సిందే. ఎరుకల పిల్ల అయినా కావాలంటే ఆజ్ఞ మంత్రం నేర్చుకోవచ్చు. ఒక మంత్రం రావాలంటే ఆ గురువు దగ్గర ఒక ఆటంతా పనిచెయ్యాలి. వచ్చాక ఇంకొకళ్లకి నేర్పొచ్చు. నేర్పితే ఇద్దరికీ రెండు గింజలు బహుమానం.

ఇట్టా అయితే మనవాళ్లకి తెలిసిన విద్యలు ఆటలో ఉంటాయి. వాటికి గౌరవం ఉంటుంది. కానీ అవి ఎవరి నుదుటి మీదా అంటించి ఉండవు. మన ఇళ్లల్లో మొదట చదువుకున్నది మనమే. చదువు మీకు రాదు, మీ రక్తంలో లేదు అని మనలో ఎంతమంది విన్నాం? విని కూడా వచ్చి కూర్చున్నాం కదా. నేర్చుకుంటే వస్తుంది అని నమ్మే మన హాస్టల్లో నేర్చుకున్నా రాదు అనే రూలు ఉండకూడదు.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. మంత్రాలు తియ్యమనకండి. ఒక్క నెల ఈ నాలుగు రూళ్లతో ఆడనివ్వండి. మీరు కూడా ఒక ఆదివారం వచ్చి కూర్చోండి. 12 గింజలు ఇస్తాం. లెక్కలు తప్పినా, చదువు దెబ్బతిన్నా, ఎవరైనా ఏడ్చినా అప్పుడు ఆపేయండి.

రెండో బ్యాచి అక్కలకు, నా తోటివాళ్లకు కూడా మనవి. వచ్చే ఆదివారం ఆటకి ముందు చేతులెత్తి తేల్చుకుందాం. నేను చెప్పిన దాంట్లో ఏ రూలు బాగోలేదో ఆ రూలు గురించి వాదించండి, నా గురించి కాదు. నాలుగూ ఒప్పుకోకపోయినా నాలుగోది ఒప్పుకోండి. ఇంకొకటి అడుగుతున్నాను. వచ్చే ఆదివారం కథ చెప్పే వంతు ఆ ఆరో తరగతి చెల్లికి ఇద్దాం. ఆ చెల్లి వాళ్ల ఊరి కథలు రాత్రి లైట్లు ఆర్పాక చెప్తుంటే మా గదిలో అందరం విన్నాం. మనలో చాలామంది కన్నా బాగా చెప్పుద్ది.

మీ అభిప్రాయాలు రాయడానికి పక్కన ఖాళీ కాగితం అంటించాను. పెన్సిలు దారంతో కట్టి ఉంది. దయచేసి పెన్సిలు తీసుకుపోవద్దు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని